పొడి రాలే బుట్ట

తెడ్డెమ్మకు ఆ పేరు పెట్టింది అత్తగారు. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలికి అల్లిక నేర్పుదామని పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి రెండు బరిగెలిచ్చి, "ఇదిగో, దీన్ని దాని మీదుగా వేసి ఇలా కుడివైపుకి పోవాలి" అని చూపించింది. ఆ పిల్ల తలూపి ఎడమవైపుకి పోయింది. అత్తగారు విప్పించి మళ్ళీ చూపించింది. పిల్ల మళ్ళీ తలూపి మళ్ళీ ఎడమకే పోయింది. "ఒరే, ఎడ్డెమంటే తెడ్డెమనే పిల్లని తెచ్చుకున్నావు కదరా" అని ఆవిడ కొడుకును కేకేసి మరీ చెప్పింది. పాపం ఆ పిల్ల కావాలని చేసింది కాదు. పుట్టుకతోనే ఎడమచేతి వాటం, అంతే. కానీ ఆ ఇంట్లో పుట్టిన మాట గడప దాటకుండా ఉండదు. తెడ్డెం అన్న మాట పనిగదిలోంచి వీధిలోకి పోయి, వీధంతా తిరిగి, తెడ్డెమ్మై ఇంటికొచ్చింది. తిట్టుకు గారు తగిలించి కొన్నేళ్ళు వాడితే బిరుదైపోతుంది కాబోలు, ఇప్పుడు ఆవిడ జుట్టంతా నెరిశాక రొట్టెల కొట్టాయన కూడా ఎంతో మర్యాదగా "తెడ్డెమ్మగారూ" అనే పిలుస్తాడు. ఆవిడా పలుకుతుంది.

వాళ్ళది బుట్టలల్లే ఇల్లు. ముందు గదిలో అమ్మకం, దాని వెనక పొడుగాటి పనిగది, ఆ వెనక పెరడు. పెరట్లో రాళ్ళ పొయ్యి మీద మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగేంత ఇనుప తొట్టి. వాగు ఒడ్డు పొదల్లోంచి కోసుకొచ్చిన బరిగెలను కట్టలు కట్టి ఆ తొట్టిలో ఉడకబెడతారు. ఉడికిన బరిగెకు బెరడు చొక్కా విప్పినట్టు ఊడి వచ్చేస్తుంది. లోపలి పుల్ల తెల్లగా, నున్నగా, ఎటు వంచితే అటు వంగుతుంది. ఉడకబెట్టిన రోజు ఇల్లంతా ఒకలాంటి వగరు వాసన. ఆ వాసన తగిలితే చాలు, తెడ్డెమ్మకు ఇప్పటికీ కాపురానికొచ్చిన మొదటి వారం గుర్తుకొస్తుంది. చేతులు బొబ్బలెక్కి, అమ్మ ఇంటికి పారిపోదామా అనుకుంటూ తొట్టి పక్కన నిలబడ్డ వారం అది.

ఎవరైనా తెల్ల బుట్టలే అల్లుతారు. ఈ ఇంటి బుట్టకు మాత్రం అంచుకు కొంచెం కిందుగా చుట్టూ ఒక నల్లటి వరస ఉంటుంది. దాన్ని వాళ్ళు కాటుక గీత అంటారు. ఆ వరసకు వాడే బరిగెలకు బెరడు తీయరు. ఉడకబెడితే నిగనిగ పోతుందని వాటిని తొట్టిలో కూడా వేయరు. చన్నీళ్ళలో నానబెట్టి అల్లేస్తారు. కాటుక లేని కన్నూ, గీత లేని బుట్టా వెలవెలబోతాయని అత్తగారి సిద్ధాంతం.

ఆవిడకు ఇంకో సిద్ధాంతం కూడా ఉండేది. అప్పుడప్పుడూ ఏదో ఒక బుట్ట గీతలోంచి గోధుమరంగు పొడి సన్నగా రాలేది. కొన్నవాళ్ళు తెచ్చి చూపిస్తే ఆవిడ తడుముకోకుండా, "పొడి రాలిందంటే అసలు కట్టె అన్నమాట. రాలకపోతేనే అనుమానించాలి. ప్లాస్టిక్ బుట్టకి రాలుతుందేమో చూసి రండి" అనేది. వచ్చినవాళ్ళు నోరు మూసుకుని, కొంచెం గర్వపడుతూ కూడా, బుట్ట చంకన పెట్టుకుని పోయేవాళ్ళు. ఆవిడ మోసం చేసింది కాదు. ఆవిడ అత్తగారు ఆవిడకు అదే చెప్పింది, ఆవిడ దాన్ని నమ్మింది. ఆ నమ్మకం బుట్టలతో పాటు ఇంటింటికీ చేరింది. మా ఇంటి బుట్టకు పొడి రాలుతుందని పక్కింటి వాళ్ళ దగ్గర గొప్పలు పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ ఇంట్లో బుట్ట ఒక్క చేతి మీద పూర్తయ్యేది కాదు. అత్తగారు అడుగు అల్లి వంటకు లేస్తే కొడుకు అందుకునేవాడు. కొడుకు బేరానికి లేస్తే అత్తగారు అంచు కట్టేది. ఏ చెయ్యి ఎక్కడ ఆగిందో, ఏ చెయ్యి ఎక్కడ మొదలెట్టిందో తర్వాత వాళ్ళే చెప్పలేరు. తెడ్డెమ్మ చెయ్యి మాత్రం అందులో కలవదు. కుడికి తిరిగిన అల్లికను ఎడమచేత్తో అందుకుంటే అక్కడినుంచి వరసలు తిరగబడతాయి. సగం దాకా ఇటు దువ్వి సగం నుంచి అటు దువ్విన తలలా ఉంటుంది. అందుకని ఆవిడ బుట్ట మొదటినుంచి చివరిదాకా ఆవిడదే. పనితనానికి వంక పెట్టడానికి లేదు. బిగువులో అత్తగారికి ఏమాత్రం తీసిపోయేది కాదు. కానీ పొద్దస్తమానం మొగుడి పక్కనే కూర్చుంటూ, ఆయన మొదలెట్టిన బుట్ట మీద ఒక్కసారి కూడా చెయ్యి వేయలేకపోవడం ఆవిడకు లోపల్లోపల గుచ్చుకుంటూనే ఉండేది. కొన్నాళ్ళు ఎవరూ లేనప్పుడు కుడిచేత్తో సాధన చేసింది. ఆ చెయ్యి అన్నం కలపడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని తేలాక మానుకుంది.

ఆ మొగుడి సంగతి కూడా చెప్పాలి. మనిషి పీలగా, పొట్టిగా ఉండేవాడు. మీసాలు మాత్రం చెవుల దాకా. వీధి మలుపులో ముందు మీసాలు కనిపించేవి, తర్వాత ఆయన వచ్చేవాడు. అందరికీ ఆయన మీసాలాయనే. నోరు మూతపడేది కాదు. అల్లుతూ మాట్లాడేవాడు, తింటూ మాట్లాడేవాడు, నిద్రలో కూడా ఎవరితోనో బేరం ఆడేవాడు. పనిగదిలో ఆయన కుడిపక్కన తెడ్డెమ్మ కూర్చునేది. ఈయన కుడిచేయి, ఆవిడ ఎడమచేయి ఒకే చోట ఆడుతూ ఉండేసరికి మోచేతులు టకటకా కొట్టుకునేవి. అత్తగారు చూసి చూసి, "అమ్మాయ్, నువ్వు వాడి ఎడమపక్కకి పోయి కూర్చో. ఇద్దరి మోచేతులూ బాగుపడతాయి" అంది. ఆవిడ మాటంటే మాటే ఆ ఇంట్లో. అయినా ఆ ఒక్క మాట ఇద్దరూ వినలేదు. తెడ్డెమ్మ లేవబోతే ఆయన చీర కొంగు మోకాలి కింద తొక్కిపెట్టి, ఏమీ ఎరగనట్టు పైకప్పు వైపు చూస్తూ పాట అందుకునేవాడు. అత్తగారు కూడా కొన్నాళ్ళకు చూసీ చూడనట్టు ఊరుకుంది.

అత్తగారు పోయింది. తెడ్డెమ్మ కొడుకు పెద్దవాడై, తనకు అల్లిక చేతకాదని తేల్చి చెప్పి బస్సు డ్రైవరయ్యాడు. వానలు సరిగ్గా లేని ఒక ఏడు వాగు ఒడ్డు పొదలన్నీ మొదళ్ళదాకా ఎండిపోతే, మీసాలాయన లారీల వాళ్ళను బతిమాలి ఎక్కడో దూరం నుంచి బరిగెల మోపులు తెప్పించాడు. బెరడు నల్లగా, అద్దంలా మెరుస్తూ ఉన్నాయవి. ఆయన వాటిని నిమిరి, "కాటుక గీతకి ఇంతకంటే మంచి సరుకు ఈ జన్మలో దొరకదే" అని మురిసిపోయాడు. ఆ ఏడే ఆయనకు దగ్గు పట్టుకుంది. దగ్గు ఆయాసమైంది. ఆయాసం మంచం ఎక్కించింది.

మంచం మీద కూడా చేతులు ఊరుకోలేదు. వెనక గదిలో, గోడకు దిండు ఆనించుకుని ఏదో బుట్ట మొదలెట్టాడు. తెడ్డెమ్మ గదిలోకి వస్తే చాలు, దాని మీద తన పాత చొక్కా కప్పేసేవాడు.

"ఏం దాస్తున్నావయ్యా?"

"పూర్తయ్యాక చూద్దువుగాని."

"నీ బుట్టలు నేను చూడనివా?"

"ఇది చూళ్ళేదులే" అని దగ్గేవాడు.

చేతిలో పట్టు పోయింది, వరసలు వంకరపోతున్నాయి, ఆ వంకర తన కంట పడటం ఇష్టం లేదు కాబోలని ఆవిడ అనుకుంది. అంత చేయి తిరిగిన మనిషికి అది ఎంత కష్టమో ఊహించుకుని, ఇంకెప్పుడూ అడగలేదు. బుట్ట పూర్తి కాలేదు. ఆయన పోయాక కొడుకు దాన్ని చొక్కాతో సహా తెచ్చి పనిగదిలో కిటికీ పక్కన కొక్కేనికి తగిలించాడు. చొక్కా గుండీలు పెట్టి ఉన్నాయి. పైన కాలర్‌లోంచి నిలువు పుల్లల కొనలు మాత్రం బయటికి కనిపించేవి. తెడ్డెమ్మ ఆ చొక్కా ఎన్నడూ విప్పలేదు. పొద్దున్నే పనికి కూర్చునే ముందు తలెత్తి ఒకసారి చూసేది. కింద నేల మీద పొడి రాలి ఉంటే, "వచ్చావా" అని తుడిచేది. అసలు కట్టె కదా, పొడి రాలకుండా ఎలా ఉంటుంది అనుకునేది.

కొన్నేళ్ళకు కోడలు వచ్చింది. కుట్టుమిషన్ల కొట్లో పనిచేసిన పిల్ల, చేతులు చురుకైనవి. తెడ్డెమ్మ పక్కన కూర్చుని అల్లిక నేర్చుకుంది. అచ్చమైన కుడివాటం. ఆవిడ చూపించేవన్నీ అద్దంలో చూసినట్టు తిప్పి నేర్చుకుని, రెండేళ్ళు తిరిగేసరికి మిషన్ల కొట్టు మానేసి పూర్తిగా బుట్టల మీదకే వచ్చేసింది. ఇద్దరికీ బాగానే కుదిరింది. అత్తాకోడళ్ళ మధ్య పేచీ లేదా అంటే, కూరలో ఉప్పు దగ్గరా రేడియో దగ్గరా ఉంది. బుట్టల దగ్గర మాత్రం లేదు. కాకపోతే ఎవరి బుట్ట వారిదే.

ఫిర్యాదుతో ముందుగా వచ్చింది రొట్టెల కొట్టాయన. చేతిలో రొట్టెలు పేర్చే పెద్ద పళ్ళెం బుట్ట. సంకోచిస్తూనే బల్ల మీద పెట్టి, కాటుక గీత మీద బొటనవేలితో నొక్కాడు. గీత ఎండుటాకులా చిట్లి, లోపలినుంచి దోసెడు పొడి రాలింది. పుల్ల ఉండాల్సిన చోట పైపొర తప్ప ఏమీ లేదు.

"ఏమనుకోకండి తెడ్డెమ్మగారూ. మీ అత్తగారు చెప్పింది గుర్తుంది. కానీ ఇంత అసలు కట్టె అయితే రొట్టెల మీద పడుతోందండీ" అన్నాడు.

ఆ తర్వాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు. బడి పంతులమ్మ ఇంట్లో ఉయ్యాల బుట్ట అంచు ఊడింది. నయమే, అందులో పిల్ల లేదు, పుస్తకాలున్నాయి. దర్జీ ఇంట్లో అయితే పొడి బుట్టతో ఆగలేదు. బుట్ట పెట్టిన గూట్లోంచి పెరట్లో తీగ పందిరికి పాకింది. ఎండిన పందిరి పుల్లల నిండా గుండుసూది బెజ్జాలు. పైన పటారం, లోన లొటారం. ఎవరికి వాళ్ళు తమ ఇంట్లోనే అనుకున్నది వీధంతా ఉందని తెలిసేసరికి, మొక్కల సంరక్షణ ఆఫీసుకు ఎవరో కబురు పెట్టారు.

ఆఫీసు నుంచి ఒకామె వచ్చింది. గట్టి చెప్పులు, భుజాన సంచి, మనిషి నెమ్మది. పనిగదిలో కింద కూర్చుని, చిట్లిన గీతను చిన్న చాకుతో చీల్చి, ఏదో తీసి గాజుపలక మీద పెట్టి, పైన భూతద్దం పట్టుకుంది.

"చూడండమ్మా. ఇదే మీ పొడి పోసేది."

తెడ్డెమ్మ ఒక కన్ను మూసి చూసింది. బియ్యపుగింజంత పురుగు. సన్నగా, గోధుమరంగులో ఉంది. తల మీదనుంచి రెండు మీసాలు వెనక్కి తిరిగి, తోక కూడా దాటి సాగి ఉన్నాయి.

"ఒంటికంటే మీసాలే పొడుగు దీనికి" అంది ఆఫీసామె.

తెడ్డెమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. "మా ఆయనే తల్లీ. అచ్చం మా ఆయనే" అని కళ్ళు తుడుచుకుంది. ఆఫీసామె అర్థం కాక కోడలి వైపు చూసింది. కోడలు గోడ మీది ఫొటో చూపించింది. ఆఫీసామె కూడా నవ్వింది.

ఆపైన ఆమె చెప్పిన మాటలు నవ్వు తెప్పించేవి కావు. ఈ పురుగు పిల్లలు బెరడు కింద పుల్లను తొలుచుకుంటూ తింటాయి. రాలే పొడి వాటి ఎంగిలి. పెద్దయ్యాక బెజ్జం చేసుకుని బయటికొచ్చి, మళ్ళీ బెరడున్న ఎండు పుల్ల ఎక్కడుందా అని వెతుక్కుంటాయి.

"ఎగిరిపోతుందా?" అంది కోడలు.

"రెక్కలున్నాయి గానీ ఎంత దూరం ఎగురుతుందండీ ఇంత ప్రాణి? దూరాలకి దీన్ని మోసేది మనమే. బుట్టల్లో, మోపుల్లో, పందిరి పుల్లల్లో. మనం ఎంత దూరం పోతే ఇదీ అంత దూరం పోతుంది." ఆమె కాటుక గీతను వేలితో తట్టింది. "తెల్ల పుల్లలకి ఏమీ కాలేదు చూడండి. అవి ఉడికాయి కదా. ఉడకనిది ఈ నల్ల వరస ఒక్కటే. అందులో కూర్చుని ఊరంతా తిరిగింది."

అత్తగారి కాటుక గీత. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడని అంటారు. ఇక్కడ దొంగకు చాప పరిచి, రాలినదాన్ని చూసి మురిసిపోయింది తామే.

"ఇక్కడ బెరడుతో ఉన్నవన్నీ కాల్చేయాలి, కొత్తవి మరిగే నీళ్ళలో వేశాకే వాడాలి. అది అయ్యేదాకా బుట్టలు బయటికి పోకూడదమ్మా. ఇంతకీ అన్నిటికంటే పాతది ఏది ఇక్కడ? ఎప్పటినుంచో కదపకుండా ఉన్నది?"

కోడలి కళ్ళు కిటికీ పక్క కొక్కెం వైపు పోయాయి. ఆఫీసామె లేచి వెళ్ళి కింద నేల చూసింది. పొద్దున తుడిచిన చోట అప్పుడే పలచగా పొడి పరుచుకుని ఉంది.

"అది తప్ప ఏదైనా చెప్పండి" అంది తెడ్డెమ్మ.

"అమ్మా, అది ఉన్నంతకాలం మీరు ఎన్ని ఉడకబెట్టినా దండగే."

"అది తప్ప అన్నాను."

ఆఫీసామె బలవంతపెట్టలేదు. మళ్ళీ వారం వస్తానని, ఆలోపు ఆలోచించుకోమని చెప్పి పోయింది. తెడ్డెమ్మ ఎడ్డెమంటే తెడ్డెం అనే మాటకు న్యాయం చేసింది. మిగతా మోపులన్నీ తానే దగ్గరుండి పెరట్లో కాల్చింది. బెరడున్న బుట్టలన్నీ కాల్చింది. కొక్కెం జోలికి మాత్రం పోలేదు. చొక్కా మీద కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఎండలో కాసేపు కిటికీలో పెట్టి, ఏదో వైద్యం చేసినట్టు మళ్ళీ తగిలించింది. పొద్దున చూస్తే పొడి మామూలే.

కోడలు ఓపిక పట్టింది. వారం దగ్గర పడ్డాక, గిన్నెలు తోముతూ, వీపు ఇటు పెట్టి మాట్లాడింది.

"అత్తయ్యా, మావయ్యగారి బుట్ట నాకు అడ్డం కాదు. నేను వచ్చినప్పటినుంచీ ఆ పొడి నేను కూడా తుడిచాను, మీకు నడుం నొప్పి అన్న రోజుల్లో."

"తుడిచావు. కాదన్నానా?"

"మిషన్ల కొట్టు మానుకుని ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు నా బుట్ట చూస్తే జనం పొయ్యిలో పెట్టాలనుకుంటున్నారు. ఆ ఒక్కటి అలాగే ఉంటే నేను ఏం అల్లాలి, ఎవరికి అల్లాలి? మీరే చెప్పండి."

తెడ్డెమ్మ కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. పిల్ల చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమైనా ఉంటే కదా. లేచి పనిగదిలోకి వెళ్ళి, స్టూలు ఎక్కి, కొక్కెం మీంచి బుట్టను దించుకుంది. అది గాలితో నింపినట్టు తేలిగ్గా ఉంది. అంత తేలిక అవుతుందని ఆవిడ అనుకోలేదు.

"కాల్చను" అంది పెరట్లోకి వస్తూ. "ముందు విప్పుతాను. అల్లినదాన్ని అల్లినట్టే విప్పి, తర్వాత పొయ్యిలో పెడతాను. మీ మావయ్య పని ఊరికే బూడిద కాకూడదు."

కోడలు చాప పరిచి పక్కకు తప్పుకుంది. ఎండ పెరడంతా పరుచుకుని ఉంది. తెడ్డెమ్మ చొక్కా గుండీలు ఒక్కొక్కటే తీసింది. ఒక గుండీ దారం తెగి చేతిలోకి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చొక్కాకు కిరోసిన్ వాసన తప్ప ఇంకే వాసనా లేదు. దాన్ని మడిచి పక్కన పెట్టి, కళ్ళజోడు చేతికి దొరక్క, వేళ్ళతోనే చివరి పుల్ల కొస వెతికి పట్టుకుని విప్పడం మొదలెట్టింది. మూతి దగ్గర పుల్లలు పైకి నిక్కి ఉన్నాయి. అల్లిక కాటుక గీత ఉండాల్సిన చోటుకు కాస్త కింద ఆగిపోయింది.

వేళ్ళు సాఫీగా పోతున్నాయి. ఒక వరస వచ్చేసింది. రెండో వరస సగం వచ్చాక ఆవిడ చెయ్యి ఆగింది.

అత్తగారి బుట్టలు గానీ, ఈయన బుట్టలు గానీ బాగుచేయడానికి విప్పాల్సి వచ్చినప్పుడు ఆవిడ వేళ్ళు ఎప్పుడూ తడబడేవి. కుడివాటం అల్లికను ఎడమచేత్తో విప్పడమంటే ఇంకొకరి చెప్పులు వేసుకుని నడిచినట్టు. దీని దగ్గర వేళ్ళు తడబడలేదు. ఎక్కడ వంగాలో, ఎక్కడ జారాలో వాటికి ముందే తెలిసినట్టు పోతున్నాయి.

"అమ్మాయ్, ఇలా రా. నాకు కళ్ళజోడు లేదు. ఇది ఎటు తిరిగిందో చూడు."

కోడలు వంగి చూసింది. "ఎడమకి తిరిగింది అత్తయ్యా. ఇది మీరు అల్లిందేగా? మావయ్యగారిది అంటారేంటి?"

"నేను అల్లలేదు."

"మరి ఎడమకి…"

"నేను అల్లలేదే."

ఈసారి కోడలు బుట్టను చేతిలోకి తీసుకుని అడుగు తిప్పి చూసింది. అడుగు దగ్గర వరసలు వంకరటింకరగా, ఒక చోట బిగిసి ఒక చోట వదులై, నేర్చుకునేవాళ్ళ చేతిలా ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ సర్దుకున్నాయి. చివరి వరసలు బాగున్నాయి. రోగం ముదిరేకొద్దీ చెయ్యి పాడవ్వాలి గానీ కుదురుకోవడం ఏమిటి? జన్మంతా కుడికి అల్లిన మనిషి, మంచం మీద, చొక్కా చాటున, ఎడమవాటం నేర్చుకున్నాడు.

నిలువు పుల్లల మధ్య ఇంకొకటి కూడా ఉంది. నల్ల బెరడు బరిగెలు కొన్ని, కొలతకు కోసి, కొనలు సన్నగా చెక్కి, చిన్న కట్టగా దోపి ఉన్నాయి. ఆ ఏడు తెప్పించిన మెరిసే సరుకు. ముట్టుకుంటే సగానికి సగం పొడైపోయాయి. కాటుక గీతకు సరిపడా పుల్లలు సిద్ధంగా పెట్టి, గీత దగ్గరికి వచ్చి ఆగాడు. అంచు కూడా మిగిల్చాడు. తెడ్డెమ్మ చేత్తో అందుకుంటే వరస తిరగబడకుండా కలిసిపోవాలి. అందుకే నేర్చుకున్నాడు.

ఆవిడ ఏడ్చింది. దాచుకోకుండా, కోడలి ముందే, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. మధ్యలో తిట్టింది కూడా.

"నోరు మూయని మనిషివి కదయ్యా. ఊళ్ళో కాకి అరిస్తే దాని మీద కూడా మాట్లాడేవాడివి. ఇది ఒక్కటి చెప్పడానికి నీకు నోరు రాలేదా? చేతికి పని పెట్టి పోతే, నేను ఏమో దాన్ని గోడకి తగిలించి దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నాను. పురుగులు తిన్నాయి. నేను అల్లాల్సింది పురుగులు తిన్నాయి."

కోడలు పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి తెడ్డెమ్మే సర్దుకుని మళ్ళీ విప్పడం మొదలెట్టింది. వరస వెనక వరస, పైనుంచి అడుగుదాకా. బాగా కుదిరిన వరసలు ముందు పోయాయి, వంకరవి తర్వాత పోయాయి. చివరికి అడుగున మొదటి ముడి మిగిలింది. ఆయన ఆ ముడి ఎన్నిసార్లు తప్పి ఉంటాడో, ఎన్నిసార్లు విప్పి ఉంటాడో. అది కూడా విప్పేసి, పుల్లలన్నీ ఒడిలో పోగు చేసుకుని లేచింది.

తొట్టి కింద పొయ్యి రాజేసింది ఆ పుల్లలతోనే. అవి గబగబా మండాయి. మిగిలిన నల్ల పుల్లల్లో ఒకదానిలోంచి మీసాల పురుగు ఒకటి బయటికొచ్చి, పొయ్యి రాయి మీద నిలబడి, మీసాలు అటూ ఇటూ ఆడించింది. తెడ్డెమ్మ దాన్ని ఒక క్షణం చూసింది. "పోవయ్యా ఇంక" అని పుల్లతో మంటలోకి తోసింది. నీళ్ళు మరిగాక కొత్త బెరడు బరిగెలు తొట్టిలో వేసింది. ఇంట్లో మళ్ళీ వగరు వాసన నిండింది.

వారానికి ఆఫీసామె వచ్చి కొక్కెం చూసి, నేల చూసి, ఉడికిన బరిగెలు చీల్చి చూసి సరేనంది. ఉడికాక గీత నిగనిగ తగ్గిన మాట నిజమే. రొట్టెల కొట్టాయన కొత్త బుట్ట పట్టుకుని, "గీత కొంచెం పాలిపోయిందండీ" అన్నాడు. "కాటుక కరిగిందిలెండి" అంది తెడ్డెమ్మ. ఆయన బుట్ట చంకన పెట్టుకుని పోయాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కోడలు బజారు నుంచి వచ్చేసరికి తెడ్డెమ్మ కిటికీ దగ్గర కొత్త బుట్ట అడుగు అల్లుతూ ఉంది. నాలుక బయటపెట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, ముఖమంతా చెమటలు పట్టి ఉంది. పక్కన తప్పిపోయి విప్పిన పుల్లలు కుప్పగా ఉన్నాయి. కోడలి అడుగుల చప్పుడు వినగానే ఆవిడ చెయ్యి దానంతట అదే పక్కనున్న పాత చొక్కా వైపు పోయింది. చొక్కా పట్టుకుని, బుట్ట మీదికి తెచ్చి, ఆగింది.

కోడలు సంచి కింద పెట్టి దగ్గరికి వచ్చింది. "అత్తయ్యా, ఇదేంటి? కుడికి పోతున్నారు."

వరసలు వంకరటింకరగా ఉన్నాయి. ఒక చోట బిగువు, ఒక చోట వదులు.

తెడ్డెమ్మ చొక్కాను తీసి అవతల పడేసింది.

"పోతున్నాను. ఈ చెయ్యి చచ్చినా వినడం లేదు, అయినా పోతున్నాను. పైన గీతా, అంచూ నీవి. ఇది నీకోసం మొదలెట్టింది. నోరు తెరిచి చెబుతున్నాను, విన్నావా? చెప్పకుండా పోతే నువ్వూ దీన్ని తీసుకెళ్ళి ఆ కొక్కేనికి తగిలిస్తావు."